మెషీన్ లేవకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

కర్నూలు, కడప లాంటి మన ఊళ్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవుల చిన్న చిన్న పుస్తకాలు ఏళ్ల తరబడి డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే తయారయ్యాయి. ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అందుకే కొందరు కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, దాని లోపల ఎక్స్‌పీని నడుపుతారు.

ఇక్కడ అసలు కంప్యూటర్ హోస్ట్, లోపలి ఎక్స్‌పీ గెస్ట్. అంటే ఇల్లు, ఇంట్లో దిగిన చుట్టం అనుకోండి. హోస్ట్ అప్‌గ్రేడ్ అయ్యాక గెస్ట్ లేవడం లేదంటే, చాలాసార్లు ఇంటి తాళం మారిందని అర్థం. చుట్టానికి ఏమీ కాలేదు. గెస్ట్ హార్డ్‌డిస్క్ మొత్తం హోస్ట్‌లో ఒక వీడీఐ ఫైల్‌గా ఉంటుంది. కాబట్టి ముందు ఆ ఫైల్‌ని, స్నాప్‌షాట్లు ఉంటే ఆ ఫోల్డర్ మొత్తాన్ని, వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. రిపేరు సంగతి తర్వాత.

హోస్ట్ లైనక్స్ అయితే

వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ ఒకటి కెర్నల్‌లో కూర్చుంటుంది. కెర్నల్ మారితే దాన్ని మళ్లీ బిల్డ్ చేయాలి. అందుకు కొత్త కెర్నల్ హెడర్లు ఉండాలి. డీకేఎంఎస్ ఉంటే ఈ పని దానంతట అదే అయిపోతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు. దానికి సంతకం చేసి, ఆ కీని రీస్టార్ట్‌లో నమోదు చేయాలి.

హోస్ట్ విండోస్ అయితే

వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి ప్రాసెసర్ వర్చువలైజేషన్ తప్పనిసరి. బయోస్ అప్‌డేట్ తర్వాత అది ఆఫ్ అయిందేమో చూడండి. ఆన్‌లోనే ఉండి, కింద మూల పచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, హైపర్-వీ ముందే ఆ సీటు ఆక్రమించిందని అర్థం. మెషీన్ నిజంగానే తాబేలులా నడుస్తుంది.

సేవ్డ్ స్టేట్ దగ్గర ఆగితే

షట్‌డౌన్ చేయకుండా సేవ్ చేసి వదిలిన మెషీన్‌ని కొత్త వెర్షన్ ఒక్కోసారి లేపలేదు. అప్పుడు సేవ్డ్ స్టేట్‌ని డిస్కార్డ్ చేయాలి. కరెంటు పోయి సిస్టమ్ ఆగినట్టే అవుతుంది. సేవ్ చేయని పని పోతుంది, డిస్క్ ఉంటుంది.

కొత్త మెషీన్ చేసి పాత డిస్క్ తగిలించేటప్పుడు ఒక జాగ్రత్త. ఎక్స్‌పీ ఐడీఈ మీద ఇన్‌స్టాల్ అయి ఉంటే ఐడీఈలోనే పెట్టండి. సాటాకి మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది. నెట్‌వర్క్ కూడా తీసేయండి, ఈ ఎక్స్‌పీకి ఇంటర్నెట్‌తో పనేం లేదు.

మెషీన్ లేచిందని అక్కడితో ఆగొద్దు. ప్రతి ఫైల్‌నీ పీడీఎఫ్ చేయండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, గుణింతాలు కళ్లతో చూసి సరిచేయండి. ఎక్స్‌పీని ఎన్నాళ్లని లేపుతాం? అందులో ఇరుక్కున్న తెలుగు బయటికొస్తే, వచ్చే అప్‌గ్రేడ్‌కి భయపడక్కర్లేదు.