కుట్లు విప్పిన పిమ్మట

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ కూడలి వరకు, మెట్రో స్తంభముల ననుసరించి సాగు రాజమార్గమున కిరుప్రక్కలను ప్రసూతి వైద్యశాలల బోర్డులు దట్టముగా కానవచ్చును. నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేటల బస్సులు నగరమున ప్రవేశించునది ఎల్.బి. నగర్ మీదుగానే గనుక, ఆ వైపు గర్భిణులు పలువురు కాన్పుకు ఇచ్చటికే వత్తురు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దానికి ముందటి అయిదేండ్లలో తెలంగాణ కాన్పులలో నూటికి 60.7 సిజేరియన్‌తో జరిగినవి. ప్రైవేటు వైద్యశాలలలో ఆ లెక్క 81.5. మొత్తము కాన్పుల లెక్కలో, ఆ సర్వేనాటికి దేశమందలి మరి యే రాష్ట్రమునను ఇంత లేదు. ఇందరు స్త్రీలు పొట్టపై కుట్లతో ఇల్లు చేరుచుండగా, ఆ పిమ్మట కలుగు ఉపద్రవముల విషయమున శస్త్రవైద్యుని లెక్కయు బాలింత లెక్కయు ఏల కలియవో విచారింపవలసి యున్నది.

శస్త్రవైద్యుల లెక్క నిరాధారమైనది కాదు. 1992లో క్లావియన్ ప్రతిపాదించి, 2004లో జ్యూరిచ్ నగరమున డిండో మొదలగు సహచరులతో కలిసి సంస్కరించిన పట్టికను నేడు ప్రపంచమంతటను వాడుచున్నారు. ఉపద్రవమును సరిచేయుటకు వైద్యుడేమి చేయవలసివచ్చెనో దానినిబట్టి తీవ్రతను నిర్ణయించుటయే దాని సూత్రము. నొప్పిమాత్రలతోను, మంచము కడనే గాయమును విప్పి శుభ్రపరచుటతోను తీరునది మొదటి తరగతి, యాంటీబయాటిక్కులో రక్తమో ఈయవలసివచ్చినది రెండవది, మరల శస్త్రమో తత్సమమైన ప్రక్రియయో కోరునది మూడవది, ఐసీయూలో ప్రాణరక్షణ చేయవలసినది నాల్గవది, మరణము అయిదవది. జ్యూరిచ్ రోగిని హైదరాబాదు రోగితో పోల్చుటకు ఇంతకంటె నిష్పక్షపాతమైన కొలత దొరకుట కష్టము, ఏలయన చేసిన పని కేస్‌షీటులో నిలిచియుండును.

అయినను ఆ మొదటి తరగతి ఇంటిలో ఎట్లుండునో చూడుడు. ఏడవనాడో ఎనిమిదవనాడో కుట్టు కొన ఎఱ్ఱబడి, చీర కుచ్చెళ్లు దోపుచోట తడి తగులును. వైద్యుడు రెండు కుట్లు విప్పి, చీము పోనిచ్చి, సెలైనుతో కడిగి, గాజుగుడ్డ కూరి, “లోపలినుంచి మానుతూ వస్తుందమ్మా, రోజూ డ్రెస్సింగ్ చేయించుకోండి” అనును. అడుగునుండి క్రొత్త కండ పట్టి పైకి వచ్చువరకు గాయమును తెరచియుంచుట శాస్త్రసమ్మతమే; తొందరపడి పైన మూసినచో లోపల చీము నిలుచును. కాని అందుకు వారములు పట్టును. అన్నినాళ్లును ఆమె బిడ్డను ఒడిలోనికి తీసికొనునపుడెల్ల పొట్టకు చేయి అడ్డుపెట్టుకొనవలెను, దగ్గుటకు భయపడవలెను, “పప్పు తిన్నందుకే చీము పట్టింది” అని అత్తగారనగా వినవలెను. పప్పునకును చీమునకును సంబంధము లేదు. గాయము పూడుటకు మాంసకృత్తులు కావలెను గనుక పప్పు మాన్పించుటయే హాని. పట్టికలో ఇది ఒకటవ అంకె. ఆమెకో, బిడ్డ పుట్టిన మొదటి మాసమంతయు ఇదియే.

ఈ ఒకటవ అంకెయైనను పలుమార్లు పట్టికకెక్కదు. శస్త్రానంతరము ముప్పది దినములలోపల గాయమునకు పట్టిన సూక్ష్మజీవి దోషమును శస్త్రసంబంధమైనదిగానే గణింపవలెనని నియమము. బాలింత నాలుగైదు దినములకే డిశ్చార్జియై పుట్టినింటికి పోవును, అచ్చట కట్టు మార్చునది ఊరి ఆర్‌ఎంపీ. ఆమె తిరిగి రాకపోవుటచేత శస్త్రవైద్యుడు ఆమె బాగుగ నున్నదనియే తలచును. ఆతనికి వార్త చేరలేదు. ఎల్.బి. నగర్ దాటి సాగర్ మార్గముననున్న ఇబ్రహీంపట్నములో 2022 ఆగస్టు 25న 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసి ఇండ్లకు పంపగా, కొలది దినములలో నలుగురు మరణించిరి. తొలి లక్షణములను చూచినవారు ఇంటివారే.

రోగి చెప్పునదెల్ల యథార్థమని నా యభిప్రాయము కాదు. “వెన్నులో సూది వేసినప్పటినుంచి నడుం నొప్పి పోలేదు” అను మాట మన వీథులలో తఱచు వినబడును. దీర్ఘకాలపు నడుమునొప్పికి, శస్త్రమునకు ముందు మత్తుకై ఇచ్చు ఆ సూది కారణమని పరిశోధనలు నిరూపింపలేదు. నార్మల్ కాన్పైన వారికిని అది వచ్చును. కాని అదే సూదివలన మరియొక బాధ నిజముగా కలుగును. 1898లో జర్మనీలోని కీల్ నగరమున ఆగస్ట్ బియర్ అను శస్త్రవైద్యుడు వెన్నులోనికి కొకెయిను నెక్కించు పద్ధతిని ఆరంభించి, దాని గుణదోషములు తెలిసికొనుటకు తన వెన్నునే సహాయకునికి అప్పగించెను. వెన్నుద్రవము చాల కారిపోయెను. పిమ్మట తొమ్మిది దినములు అవస్థపడెను, లేచినచో తలనొప్పి, పండుకొనినచో ఉపశమనము. మెదడును తేల్చియుంచు ద్రవము సూదిరంధ్రముగుండ కారుటయే దీనికి హేతువు. సన్నని సూదులు వచ్చిన పిదప ఈ బాధ మిక్కిలి తగ్గినది గాని పోలేదు. తానే మంచమెక్కిన శస్త్రవైద్యుడు గనుక బియర్ ఆ నొప్పి స్వభావమును లోపలినుండి ఎఱిగెను. బాలింత “కూర్చుంటే తల పగిలిపోతోంది” అనగా, దిష్టి యనియో నిద్రలేమి యనియో త్రోసివేయక, “పడుకుంటే తగ్గుతోందా?” అని అడుగవలెను, ఆ ఒక్క ప్రశ్నతో రోగనిర్ణయము సగము తేలును.

అడ్డకోత చుట్టును చర్మపు నాడులు తెగుటవలన కలుగు తిమ్మిరి మరియొకటి. శస్త్రవైద్యుడు దీనిని ఉపద్రవముగా గణింపక కోతకు సహజఫలమనును. ముందు వినని స్త్రీ “నరం కోసేశారు” అని బెంగపడును. సమీరా కోహ్లీ వ్యాజ్యమున 2008లో సుప్రీంకోర్టు, చికిత్స ప్రయోజనములతోపాటు దాని ముఖ్య ప్రమాదములను గూడ తెలిపిన పిమ్మటనే రోగి సమ్మతి చెల్లునని నిర్దేశించెను. థియేటరు గుమ్మమున తొందరగా పెట్టించు సంతకము దానికి సరిపోదు. జ్యూరిచ్ శస్త్రవైద్యులు 2013లో తమ కొలతను సంస్కరించునపుడు, ఏ ఉపద్రవము ఎంత భారమైనదో వైద్యులతోపాటు రోగులను గూడ అడిగిరి. మన వైద్యశాలలు ముప్పదవనాడు ఒక్క ఫోను చేసి అడుగవచ్చును. కాని కేస్‌షీటులో తఱచు ఉండునది నగరమున పనికి పోవు భర్త నంబరు. బాలింత యుండునది పుట్టినింట. డిశ్చార్జి నాడే ఆ యింటి నంబరును గూడ అడిగి వ్రాసికొనవలెను.