కోడికూర మానేసినవాళ్లు మీల్‌మేకర్ తినొచ్చా?
అపోహలు – వాస్తవాలు

అమరాపురం, మడకశిర, హిందూపురం, పెనుకొండ వైపు ఊళ్లకు బెంగళూరు పరాయి ఊరు కాదు. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన పిల్లల్లో కొందరు పండక్కి ఇంటికొచ్చి తాము వీగన్లమని చెబుతున్నారు. మాంసం, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టమంటున్నారు. దీనికి ఇంట్లోవాళ్లు ఎలాగో సర్దుకుపోతారు. ఆ పిల్లలే సోయాతో చేసిన ‘చికెన్’ ప్యాకెట్టు సంచిలోంచి తీసినప్పుడే పేచీ మొదలవుతుంది. ‘‘కోడికూర వద్దంటివి, మళ్లా కోడికూర మాదిరిదే ప్యాకెట్లో తెచ్చుకుంటివే!’’ అని అవ్వ నిలదీస్తుంది.

అవ్వ ప్రశ్నలో న్యాయముంది. దానికి తగిన జవాబు కూడా ఉంది. మాంసాన్ని పోలిన శాకాహారం వీగన్ నియమానికి విరుద్ధం కాదు. అలాగని అంగట్లో దొరికే ప్రతి ప్యాకెట్టూ వీగన్ కాదు, అది లేకపోతే వీగన్లకు బతుకు గడవదన్నదీ నిజం కాదు. ఈ విషయం చుట్టూ ఇటు ఇళ్లలో, అటు వీగన్లలో అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: మాంసం లాంటిది తింటున్నారంటే మాంసం మీద యావ చావలేదన్నమాట. వాళ్లు నిజమైన వీగన్లు కారు.

వాస్తవం: 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. వీగన్ అన్న పేరూ అప్పుడే పుట్టింది. ఆహారం కోసమో, బట్ట కోసమో, మరే అవసరానికో జంతువులను హింసించడం, వాడుకోవడం సాధ్యమైనంత మేరకు మానుకోవాలన్నది ఆ సంస్థ చెప్పే నిర్వచనం. అందులో రుచి ప్రస్తావన లేదు. నమిలితే పీచుపీచుగా ఉండేదాన్ని తినకూడదనీ లేదు.

కేంద్ర ప్రభుత్వం 2014లో చేయించిన నమూనా నమోదు సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. కాబట్టి మన దగ్గర వీగన్‌గా మారేవాళ్లలో చాలామంది ఆదివారం కూరతో పెరిగినవాళ్లే. వాళ్లు మానుకున్నది ప్రాణిని కోయడాన్ని. ఆ రుచిని అసహ్యించుకోవాలన్న నియమమేమీ వాళ్లకు లేదు. పైగా మనం కూర రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా అల్లం, వెల్లుల్లి, ధనియాలు, చెక్క, లవంగం, గసగసాలు, ఎండుకొబ్బరిదే. అవన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే.

మాంసాన్ని తలపించేదేదీ కంటపడకూడదనుకునే వీగన్లూ ఉన్నారు. పుట్టుకతో శాకాహారులైనవాళ్లలో ఈ వికారం ఇంకా ఎక్కువ. వాళ్లు తినకపోవడం వాళ్ల ఇష్టం. ఆ ఇష్టాన్నే అందరికీ నియమంగా పెట్టి, తినేవాళ్లను వేలెత్తి చూపడం తగదు.

అపోహ 2: ఇది నిన్నగాక మొన్న విదేశీ కంపెనీలు తెచ్చిన మోజు.

వాస్తవం: చైనా బౌద్ధ మఠాల్లో గోధుమపిండి జిగురుతో, సోయాతో మాంసాన్ని పోలిన వంటకాలు చేసే సంప్రదాయం వందల ఏళ్ల నాటిది. అమెరికాలో డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ 19వ శతాబ్దం చివర్లోనే గింజలు, గోధుమ జిగురుతో ఇలాంటివి చేయించి తన ఆరోగ్యకేంద్రంలో వడ్డించారు. ఇక మన ఇళ్లలో మీల్‌మేకర్‌గా స్థిరపడిపోయిన సోయా ముక్కలు 1960ల నాటి పరిజ్ఞానం. నూనె తీసేసిన సోయాపిండిని తడిపి, యంత్రంలో ఎక్కువ వేడి, ఒత్తిడి మధ్య సన్నని రంధ్రం గుండా బయటికి నెడతారు. బయట పడగానే లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై ముక్క ఉబ్బుతుంది, పీచు కడుతుంది. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో పనసకాయ బిర్యానీ తిన్నవాళ్లకు మాంసంతో ఇలాంటి పోలిక కొత్తే కాదు.

అహింస కూడా మనకు దిగుమతి సరుకు కాదు. అమరాపురంలో దొరికిన 1278 నాటి శాసనం ఒక జైన దానాన్ని చెబుతుంది. తైలంగెరెలోని బ్రహ్మ జినాలయంలో కొలువైన పార్శ్వదేవుడికి మల్లిసెట్టి అనే భక్తుడు 2,000 వక్కచెట్లను దానమిచ్చాడు. జైన సంప్రదాయం పాలను వద్దనలేదు కాబట్టి దాన్ని వీగన్ అనలేం. అయితే ప్రాణిని చంపకుండా బతకాలన్న ఆలోచన ఈ నేలకు ఏడువందల ఏళ్ల కిందటే తెలుసు.

అపోహ 3: ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉంటే చాలు, అది వీగన్.

వాస్తవం: వీగన్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మన చట్టం లెక్కలో పాలు, వెన్న, తేనె శాకాహారమే. మాంసాన్ని పోలిన పదార్థాల్లో ముక్క విడిపోకుండా పట్టి ఉంచడానికి పాలలోని కేసిన్‌నో, వే పొడినో కలిపే వీలుంది. కొన్ని దేశాల్లో గుడ్డు తెల్లసొన కూడా వాడతారు. బ్రిటన్‌లో పేరుపొందిన క్వార్న్ ఉత్పత్తులు చాలాకాలం తెల్లసొనతోనే వచ్చాయి, వీగన్ రకాలు తరువాత చేరాయి.

మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పదార్థంలోనే కాదు, తయారీలో వాడే ఎంజైములు, రుచి ద్రవ్యాలు, సహాయక పదార్థాల్లో కూడా జంతు సంబంధమైనవి ఉండకూడదు. దీనికి గుర్తు చిన్న ఆకు మొలిచిన ఆకుపచ్చ ‘వి’ అక్షరం. అది కనిపించకపోతే వెనకవైపు పదార్థాల పట్టికను, దాని కింద ఎలర్జీ హెచ్చరికను చదవండి. ‘పాలు ఉన్నాయి’ అని ఉంటే విషయం అక్కడే తేలిపోతుంది.

హోటల్లో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మీల్‌మేకర్ బిర్యానీ అన్నంత మాత్రాన అది వీగన్ కాదు. ముక్కను నానబెట్టేది పెరుగులో, దమ్ముకు ముందు పైన పోసేది నెయ్యి. అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

అపోహ 4: ప్రయోగశాలలో పెంచిన మాంసం, ఇదీ ఒకటే.

వాస్తవం: రెండింటికీ పొంతన లేదు. సోయా, బఠానీ, గోధుమలతో చేసినది మొక్కల ఆహారం. ప్రయోగశాలలో పెంచేది జంతువు కణాల నుంచి ఎదిగిన అసలు మాంసం. సింగపూర్ 2020లో, అమెరికా 2023లో దాని అమ్మకానికి అనుమతినిచ్చాయి. హైదరాబాదులోని సీసీఎంబీ, జాతీయ మాంస పరిశోధన కేంద్రం కలిసి ఈ తరహా పరిశోధన చేయడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019లో నిధులిచ్చింది. జంతువును కోయకుండా వచ్చేది కాబట్టి దాన్ని అహింసా మాంసం అంటున్నారు. అది వీగన్లకు తగునా అన్నది వేరే చర్చ. ఆ చర్చను తెచ్చి మీల్‌మేకర్‌కు అంటగట్టకూడదు.

అపోహ 5: మొక్కలతో చేసినదంటే ఏ దశలోనూ ఏ జంతువుకూ హాని జరగలేదన్నమాట.

వాస్తవం: చాలావరకు నిజమే, అన్నిసార్లూ కాదు. అమెరికాలోని ఇంపాసిబుల్ ఫుడ్స్ కంపెనీ తన మొక్కల బర్గర్‌కు మాంసపు రంగు, వాసన రావడానికి సోయా వేళ్లలో ఉండే హీమ్ ప్రోటీన్‌ను వాడింది. దాన్ని సోయా మొక్క జన్యువుతో ఈస్ట్‌లో పెంచి తీస్తారు. అది సురక్షితమేనని చూపడానికి ఎలుకల మీద పరీక్ష చేయించామని కంపెనీ స్థాపకుడు పాట్ బ్రౌన్ 2017లో స్వయంగా రాశారు. ఎన్నో జంతువులను కాపాడటానికి తప్పలేదన్నది ఆయన వాదన. చాలామంది వీగన్లు దాన్ని ఒప్పుకోలేదు. మన 2022 నిబంధనలు నియంత్రణ సంస్థ కోరితే తప్ప జంతు పరీక్షలు జరిపిన ఆహారాన్ని వీగన్ అనకూడదంటాయి. ఇలాంటి ఉత్పత్తుల మీద వీగన్లకు అభ్యంతరం ఉంటే అది అర్థవంతమైనదే. అంగట్లో దొరికే మామూలు సోయా ముక్కలకు ఈ హీమ్‌తో సంబంధం లేదు.

అపోహ 6: మాంసం, పాలు రెండూ మానేస్తే ప్రోటీన్ అందదు. అందుకే వీగన్లకు ఈ ప్యాకెట్లు తప్పనిసరి.

వాస్తవం: ఎండు మీల్‌మేకర్ వంద గ్రాముల్లో 50 గ్రాములకు పైనే ప్రోటీన్ ఉంటుంది. ప్యాకెట్టు మీది ఆ అంకె చూసి మురిసిపోకండి. నానబెడితే ముక్క నీళ్లు పీల్చుకుని మూడింతల బరువెక్కుతుంది కాబట్టి మనిషికి వడ్డించేది 30 గ్రాముల ఎండు ముక్కలకు మించదు. అంటే 15 గ్రాముల ప్రోటీన్. అది మంచి మోతాదే.

అయితే మడకశిర సీమ వంటింట్లో దీనికి దీటైనవి ఎప్పటినుంచో ఉన్నాయి. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22, శెనక్కాయ విత్తనాల్లో సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అలసందలు, అనప గింజలు కూడా ఇంచుమించు ఆ వరసలోనివే. రాగుల్లో ప్రోటీన్ 7 గ్రాములే అయినా కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలు మానినవాళ్లకు అది కొండంత అండ. రాగిముద్దలోకి ఉలవచారు అన్న పాత జోడీలో గింజధాన్యం, పప్పు ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటాయి.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు చేసే తీరు చూడండి. ఒలిచిన గింజలను రాత్రంతా నీళ్లలో వేస్తారు. తెల్లారి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతారు. తోలు చేతిలో మిగులుతుంది, పప్పు గిన్నెలోకి జారుతుంది. కొబ్బరి, మసాలా నూరి పోసి ఉడికించిన ఆ కూర ఏ మాంసాన్నీ అనుకరించదు, ఏ మాంసం కూరకూ తీసిపోదు.

నిజంగా లోటు వచ్చేది ప్రోటీన్‌లో కాదు, బీ12 విటమిన్‌లో. దాన్ని తయారుచేసేవి బాక్టీరియా. మొక్కల ఆహారంలో అది నమ్మదగ్గ మోతాదులో దొరకదు. పెద్దవాళ్లకు రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు కావాలి. లోపిస్తే రక్తహీనత, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, మతిమరుపు రావచ్చు. బీ12 కలిపిన ఆహారమో, మాత్రో వీగన్లకు తప్పనిసరి. మీల్‌మేకర్ ఎంత తిన్నా ఈ లోటు తీరదు.

అపోహ 7: మొక్కలదే కాబట్టి ఎంత తిన్నా ఆరోగ్యమే. (లేదా దీనికి ఎదురుగా: ఫ్యాక్టరీ సరుకు కాబట్టి విషమే.)

వాస్తవం: రెండూ అతి మాటలే. సోయా ముక్కలకూ, వేయించుకుని తినడానికి సిద్ధంగా వచ్చే నగెట్లు, ప్యాటీలకూ తేడా చూడాలి. ముక్కల్లో ఉండేది నూనె తీసిన సోయాపిండి. ప్యాటీల్లో ఉప్పు, కొబ్బరినూనె లాంటి గట్టి కొవ్వులు, రుచి ద్రవ్యాలు చేరతాయి. బియాండ్ మీట్ కంపెనీ చేసిన పాత రకం మొక్కల బర్గర్ ప్యాటీ ఒక్కదానిలో ఇంచుమించు ఒక గ్రాము ఉప్పుండేది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఈ లెక్క మరవకూడదు.

మరోవైపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, మరో ఎనిమిది వారాలు మాంసాన్ని పోలిన మొక్కల ఆహారం ఇచ్చి 2020లో ఫలితాలు ప్రకటించింది. మొక్కల ఆహారం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది, బరువూ కాస్త తగ్గింది. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది బియాండ్ మీట్ కంపెనీయేనన్న సంగతీ పాఠకులు తెలుసుకోవాలి. మొత్తం మీద మాంసం బదులు తింటే మేలు కనిపిస్తోంది. ఉలవలు, అలసందల బదులు తింటే ఆ మేలు లేదు.

అపోహ 8: సోయా తింటే మగవాళ్లలో ఆడ లక్షణాలు వస్తాయి.

వాస్తవం: సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన ఐసోఫ్లేవోన్లు ఉన్న మాట నిజం. కానీ అవి మనిషి హార్మోనుతో సమానం కావు. ఎన్నో పరీక్షలను కలిపి విశ్లేషించిన అధ్యయనాల్లో సోయా వల్ల మగవాళ్ల టెస్టోస్టెరాన్ తగ్గినట్టు కనబడలేదు. జాగ్రత్త పడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి. సోయా ఎలర్జీ ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. గోధుమ పడనివాళ్లు గోధుమ జిగురు ఉన్న రకాలకు దూరంగా ఉండాలి.

అపోహ 9: అడవులు నరికి సోయా పండించేది వీగన్ల కోసమే.

వాస్తవం: ప్రపంచంలో పండే సోయాలో దాదాపు నాలుగింట మూడు వంతులు కోళ్లకు, పందులకు, పశువులకు దాణాగా పోతోంది. మనుషులు నేరుగా తినేది కొద్ది భాగమే. మన దేశంలో సోయా ఎక్కువగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు చేలలో పండుతుంది.

అపోహ 10: మాంసం బదులు మీల్‌మేకర్ తింటే వీగన్ అయిపోయినట్టే.

వాస్తవం: వీగన్ దారి కంచంతో ఆగదు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, ధర్మవరం పట్టుచీర పెళ్లికూతురి ముస్తాబు. పట్టుదారం తెగకుండా రావడానికి గూటిని లోపలి పురుగుతో సహా వేడికి గురిచేస్తారు. అందుకే వీగన్లు పట్టు కట్టరు, తోలుచెప్పులు వేసుకోరు. ఈ చుట్టుపక్కల వేల కుటుంబాలు మల్బరీ మీద, మగ్గం మీద బతుకుతున్నాయి కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు ఆ శ్రమ మీద గౌరవం ఉండాలి. నిందించడం వల్ల ఏ పురుగూ బతకదు, ఏ మనసూ మారదు.

ఇంతకీ తినాలా, వద్దా?

మాంసం మానాలని ఉండీ మానలేకపోతున్నవాళ్లకు, కొత్తగా మానినవాళ్లకు మొక్కల మాంసం చక్కని ఊతం. దానివల్ల ఒక్క ఇంట్లో ఒక్క కోడి మిగిలినా వీగన్ ఆశయానికి అది మేలే. కాబట్టి నిరభ్యంతరంగా తినవచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు చాలు, రోజూ అక్కర్లేదు. సిద్ధం చేసిన ప్యాటీల కంటే ఉత్త సోయా ముక్కలు కొనండి. ఉప్పునీళ్లలో ఉడికించి, చన్నీళ్లలో రెండుసార్లు కడిగి, నీరంతా పోయేలా గట్టిగా పిండండి. అప్పుడే పచ్చి వాసన పోయి మసాలా లోపలికి దిగుతుంది. పెరుగు బదులు శెనక్కాయ విత్తనాలు నానబెట్టి రుబ్బి వడగట్టిన పాలు వాడండి. మిగతా రోజుల్లో ముద్ద, ఉలవచారు, అలసందల కూర, అనపల పులుసు తినండి. బీ12 మాత్ర మరవకండి. ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే చిరాకు పడకుండా, మీరు మానుకున్నది రుచిని కాదనీ ప్రాణం తీయడాన్ననీ చెప్పి, వండినదాంట్లోంచి ఒక ముద్ద వాళ్లకూ పెట్టండి.