అద్దెకిచ్చే ముందు అప్పిచ్చినవారిని అడగండి

రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నారు. కొన్నేళ్లకు ఎడిన్‌బరాలో మంచి ఉద్యోగం వచ్చింది, లేదా పెద్దవాళ్లను చూసుకోవడానికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. ఇల్లు అమ్మడానికి మనసొప్పదు. ‘అద్దెకిచ్చేద్దాం, వచ్చే అద్దెతో వాయిదా గడిచిపోతుంది’ అనుకుంటారు. మన దేశంలో హోమ్ లోన్‌తో కొన్న ఫ్లాటును అద్దెకిస్తే, లోన్ రకం మార్చుకోమని బ్యాంకు సాధారణంగా అడగదు. ఆ అలవాటుతో బ్రిటన్‌లోనూ ముందు అద్దెకొచ్చేవాళ్లను వెతికి, బ్యాంకు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంటే చిక్కుల్లో పడతాం.

రెండు అప్పులు, రెండు లెక్కలు

బ్రిటన్‌లో సొంతంగా ఉండే ఇంటికిచ్చే మార్ట్‌గేజ్ వేరు, అద్దెకిచ్చే ఇంటికిచ్చే ‘బై-టు-లెట్’ మార్ట్‌గేజ్ వేరు. మొదటిది మీ జీతం చూసి ఇస్తారు. తాము ఉండే ఇల్లు కాబట్టి ఏ ఖర్చు ఆపుకొనైనా వాయిదా కడతారన్నది బ్యాంకు నమ్మకం. రెండోది ప్రధానంగా వచ్చే అద్దెను చూసి ఇస్తారు. అద్దె బకాయి పడొచ్చు, ఇల్లు కొన్ని నెలలు ఖాళీగా ఉండొచ్చు. అప్పు మొండిబకాయి అయితే, మనుషులు కాపురముంటున్న ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మడం బ్యాంకుకు అంత తేలిక కాదు. అందుకే బై-టు-లెట్ వడ్డీ సాధారణంగా కాస్త ఎక్కువ. ఇంటి విలువలో కనీసం పాతిక శాతం అప్పు లేకుండా మీదై ఉండాలని చాలా సంస్థలు అడుగుతాయి.

ఈ రకం అప్పు పుట్టి మరీ ఎక్కువ కాలమేం కాలేదు. గడువు తీరాక ఇల్లు ఖాళీ చేయించుకునే వీలును 1988 హౌసింగ్ చట్టం యజమానులకు పెంచింది. ఆ భరోసాతో 1996లో లెటింగ్ ఏజెంట్ల సంఘం, కొన్ని రుణ సంస్థలు కలిసి బై-టు-లెట్‌ను తెచ్చాయి.

నివాస మార్ట్‌గేజ్ పత్రాల్లో, బ్యాంకు అనుమతి లేకుండా ఇల్లు అద్దెకివ్వకూడదన్న షరతు ఉంటుంది. దాన్ని మీరితే అప్పు మొత్తం ఒకేసారి తీర్చమని అడిగే హక్కు బ్యాంకుకు వస్తుంది. మామూలు ఇంటి బీమా కూడా యజమాని ఉంటున్నాడన్న లెక్క మీద ఇచ్చిందే. బీమా సంస్థకు చెప్పకుండా అద్దెకిస్తే, పైపు పగిలి ఇల్లు తడిసిన రోజున క్లెయిము తిరస్కరించవచ్చు.

కొంతకాలానికా, శాశ్వతంగానా?

ఏడాది, రెండేళ్లకు తిరిగొచ్చే ఆలోచన ఉంటే ‘కన్సెంట్ టు లెట్’ అడగండి. ఉన్న మార్ట్‌గేజ్‌నే కొనసాగిస్తూ, కొంతకాలం అద్దెకిచ్చుకోవడానికి బ్యాంకు ఇచ్చే అనుమతి ఇది. కొన్ని బ్యాంకులు ఫీజు తీసుకుంటాయి, కొన్ని వడ్డీ కొంచెం పెంచుతాయి, కొన్ని ఏమీ అడగవు. ఇవ్వడం ఇవ్వకపోవడం మాత్రం వారి ఇష్టం.

ఇక తిరిగి రాబోమనుకుంటే బై-టు-లెట్‌కు మారాలి. ఇప్పుడున్న ఫిక్స్‌డ్ వడ్డీ గడువు ఎప్పుడు ముగుస్తుందో మొదట చూసుకోండి. మధ్యలో తెంచుకుంటే మిగిలిన అప్పు మీద కొంత శాతం జరిమానా పడుతుంది. 2,00,000 పౌండ్ల అప్పు మీద రెండు శాతమన్నా 4,000 పౌండ్లు. గడువు దగ్గర్లోనే ఉంటే, అప్పటిదాకా అనుమతితో నెట్టుకొచ్చి ఆ తర్వాత మారడం మేలు.

మీరు ఇదివరకు కాపురమున్న ఇంటిని అద్దెకిస్తున్నారన్న సంగతి బ్రోకర్‌కు మొదటి మాటలోనే చెప్పండి. ఇలాంటి అప్పులను 2016 మార్చి నుంచి ‘కన్స్యూమర్ బై-టు-లెట్’ అని వేరుగా చూస్తున్నారు. అన్ని సంస్థలూ వీటిని ఇవ్వవు.

పన్నెండు పౌండ్ల తేడా

ఒక ఊహా లెక్క చూద్దాం. ఇంటి విలువ 3,20,000 పౌండ్లు, అప్పు 2,20,000, నెలకు అద్దె 1,450. పాతిక శాతం షరతు దాటేశారు. కానీ బ్యాంకు అక్కడితో ఆగదు. వడ్డీ పెరిగినా అద్దె సరిపోతుందా అని పరీక్షిస్తుంది. 2017లో బ్యాంకుల నియంత్రణ సంస్థ తెచ్చిన నియమాల ప్రకారం, ఐదేళ్లలోపు ఫిక్స్‌డ్ అప్పులకు అసలు వడ్డీ అంతకన్నా తక్కువున్నా కనీసం 5.5 శాతం చొప్పున లెక్క వేయాలి. అప్పుడు ఏడాది వడ్డీ 12,100 పౌండ్లు. 40 శాతం పన్ను కట్టేవారైతే, అద్దె దానికి 145 శాతం ఉండాలని చాలా సంస్థలు అడుగుతాయి. అంటే నెలకు 1,462 పౌండ్లు. మన అద్దె 1,450. పన్నెండు పౌండ్ల తేడాతో దరఖాస్తు తిరిగొస్తుంది. 20 శాతం పన్ను కట్టేవారికైతే మామూలుగా 125 శాతం చాలు. 1,261 పౌండ్ల అద్దెతోనే గట్టెక్కుతారు.

అదే ఐదేళ్ల ఫిక్స్‌డ్ తీసుకుంటే, అసలు వడ్డీరేటుతోనే లెక్క వేసే వెసులుబాటు బ్యాంకుకు ఉంది. వడ్డీ 5 శాతమైతే, 145 శాతం లెక్కన కూడా 1,330 పౌండ్ల అద్దె సరిపోతుంది. కానీ ఈలోపు ఇల్లు అమ్మితే జరిమానా తప్పదని గుర్తుంచుకోవాలి.

అసలు దెబ్బ పన్నులో

అప్పు మంజూరైనంత మాత్రాన లాభం వచ్చినట్టు కాదు. భారత 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 24వ సెక్షన్, అద్దె ఆదాయం లెక్కలో ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపునిచ్చింది. బ్రిటన్‌లో 2015 ఫైనాన్స్ (నెం. 2) చట్టంలోని 24వ సెక్షన్ సరిగ్గా దానికి విరుద్ధంగా, వ్యక్తులకున్న ఆ మినహాయింపును 2017 నుంచి 2020 మధ్య దశలవారీగా తీసేసింది. బదులుగా వడ్డీలో 20 శాతం మేర పన్ను తగ్గింపు మాత్రమే మిగిలింది.

పై లెక్కనే కొనసాగిద్దాం. ఏడాదికి అద్దె 17,400 పౌండ్లు. ఏజెంటు, బీమా, మరమ్మతులకు 2,400 పోతే 15,000. అసలు జోలికి పోకుండా వడ్డీ మాత్రమే కట్టే అప్పు తీసుకున్నా, 5 శాతం చొప్పున ఏడాదికి 11,000. చేతిలో మిగిలేది 4,000. పన్ను మాత్రం 4,000 మీద కాదు, 15,000 మీద పడుతుంది. 40 శాతం అంటే 6,000. వడ్డీ మీద తగ్గింపు 2,200 పోగా కట్టాల్సింది 3,800 పౌండ్లు. ఏడాదంతా ఇంటి బాధ్యత మోస్తే చివరికి దక్కేది 200 పౌండ్లు. బాయిలర్ ఒక్కసారి చెడిపోతే ఆ కాస్తా ఎగిరిపోతుంది.

ఇల్లు ధర పెరుగుతుందన్నది మరో ఆశ. మీరు కాపురమున్న కాలానికి, దానికితోడు చివరి తొమ్మిది నెలలకు లాభంపై పన్నుండదు. మిగతా అద్దె కాలానికి వచ్చే వాటా మీద, ప్రస్తుతం ఆదాయాన్ని బట్టి 18 లేదా 24 శాతం పన్ను పడుతుంది. ఈ ఇల్లు ఉంచుకుని ఇంగ్లండ్‌లో మరొకటి కొంటే, 2024 అక్టోబర్ 31 నుంచి స్టాంప్ డ్యూటీ అదనంగా ఐదు శాతం. పాత ఇంటిని మూడేళ్లలో అమ్మేస్తే ఆ అదనాన్ని వెనక్కి అడగవచ్చు.

యజమాని మీద పడే బాధ్యతలు

ఇంగ్లండ్‌లో అద్దెకిచ్చే ఇంటికి ఏటా గ్యాస్ తనిఖీ, ఐదేళ్లకోసారి విద్యుత్ తనిఖీ ఉండాలి. అడ్వాన్సు మామూలుగా ఐదు వారాల అద్దె దాటకూడదు, దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన పథకంలో భద్రపరచాలి. ఫ్లాటైతే లీజు పత్రం తీసి చూడండి. భవనం అసలు యజమాని (ఫ్రీహోల్డర్) అనుమతి కూడా అవసరం కావచ్చు.

2025 రెంటర్స్ రైట్స్ చట్టంతో, 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించే వీలు పోతుంది. మీరే కాపురం రావాలన్నా, ఇల్లు అమ్ముకోవాలన్నా, అద్దెకు దిగినవారి మొదటి ఏడాదిలో కుదరదు. ఆ తర్వాతైనా నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. అద్దెకున్నవారికి ఇది న్యాయమైన రక్షణ. ‘ఆర్నెల్లిచ్చి చూద్దాం’ అనుకునే యజమాని మాత్రం ఈ గడువులను ముందే లెక్కలో వేసుకోవాలి.

భారత్‌కు తిరిగి వెళ్లిపోయేవారికి మరో మెలిక ఉంది. ఆరు నెలలకు మించి బ్రిటన్ బయట ఉంటే ‘నాన్ రెసిడెంట్ లాండ్‌లార్డ్’ పథకం వర్తిస్తుంది. మొత్తం అద్దె చేతికి రావాలంటే బ్రిటన్ పన్నుల శాఖ అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఏజెంటు ఖర్చులు పోగా మిగిలిన అద్దెలో 20 శాతం పట్టుకుని పన్నుకు జమ చేస్తాడు. విదేశాల్లో ఉండేవారికి బై-టు-లెట్ ఇచ్చే సంస్థలు తక్కువ. కాబట్టి ఈ పనులన్నీ విమానమెక్కకముందే ముగించుకోవాలి.

ముందు పన్ను పోగా మిగిలేదెంతో కాగితం మీద వేసుకోండి. తర్వాత ఫిక్స్‌డ్ గడువు, జరిమానా చూసి బ్యాంకుకు రాయండి. అనుమతి రాతపూర్వకంగా చేతికొచ్చాకే బీమా మార్చుకుని, తాళాలు ఇవ్వండి. ఆ కాగితం మీద ఏటా 200 పౌండ్లే తేలితే ఇల్లు అమ్మేయడానికి సంకోచించకండి. కష్టార్జితంతో కొన్న ఇంటిని నష్టానికి మోయడం కన్నా, దాని విలువను మీ కుటుంబానికి పనికొచ్చే చోటికి మార్చుకోవడమే మంచిది.