నది గుమ్మంలో లిస్బన్

అట్లాంటిక్‌ను వదిలి టాగస్ నదిలోకి ఓడ మలుపు తిరుగుతుంటే డెక్ మీద జనం చేరతారు. ముందు కనిపించేది నదీముఖంలో ఇసుకతిన్నె మీద గుండ్రంగా నిలబడ్డ బూజియు దీపస్తంభం. కాసేపటికి ఎడమ ఒడ్డున తెల్లరాతి బెలేం బురుజు, దాని పక్కన నావికుల స్మారకం, వెనకాల జెరోనిమోస్ మఠం. కుడి ఒడ్డున ఎత్తైన పీఠం మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం. ఎదురుగా రెండు ఒడ్డులనూ కలిపే ఎర్రటి ఉక్కు వంతెన. నీటికి 70 మీటర్ల ఎత్తున ఉన్న ఆ వంతెన కిందుగా ఓడ సాగిపోతుంటే పైనుంచి తుమ్మెదల ఝుంకారంలాంటి మోత వినిపిస్తుంది. వంతెన మీద కొంత దారి ఇనుప జాలీతో వేసింది. కార్ల చక్రాలు దాని మీద దొర్లే చప్పుడది.

లిస్బన్‌ను మొదటిసారి చూడాల్సింది ఇలాగే. పోర్చుగల్ రాజధానికి విమానాలు బోలెడన్ని ఉన్నాయి. కానీ ఈ ఊరికి సంపద నదిలోంచే వచ్చింది, ప్రళయమూ నదిలోంచే వచ్చింది. ఊరి ముఖం ఇప్పటికీ నదివైపే ఉంది. ఏడాదిలో దాదాపు 2,800 గంటలు ఎండ కాసే చోటు ఇది. ఆ ఎండ వెడల్పాటి నదీజలాల మీదా, కాలిబాటల్లో పరిచిన తెల్ల సున్నపురాయి మీదా పడి తిరిగి లేస్తుంది. జనవరిలో కూడా మధ్యాహ్నాలు కోటు విప్పి నడిచేలా ఉంటాయి.

భారతీయ ప్రయాణికుడికి బెలేం మామూలు దర్శనీయ స్థలం కాదు. 1497 జూలై 8న వాస్కో డ గామా నౌకలు బయల్దేరింది ఈ ఒడ్డు నుంచే. మరుసటి ఏడాది మే నెలలో అవి కాలికట్ తీరానికి చేరాయి. ఆ దారిన వచ్చిపడిన సరుకుల వర్తకం మీద విధించిన పన్నుతోనే జెరోనిమోస్ మఠం లేచింది. తాళ్ల ముడులు, పగడపు కొమ్మలు, సముద్రపు మొక్కలు చెక్కిన దాని స్తంభాల పనితనం చూసి తీరాల్సిందే. 1524లో కొచ్చిన్‌లో కన్నుమూసిన గామాకు ఇప్పుడు ఈ మఠంలోనే సమాధి ఉంది. దాని ముందు నిలబడినప్పుడు ఇంకొక సంగతి కూడా తలుచుకోవాలి. 1502లో రెండోసారి వచ్చినప్పుడు ఇదే మనిషి మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను, అందులోని వందలాది ఆడవాళ్లు, పిల్లలు, పురుషులతో సహా తగలబెట్టించాడు. మఠం అందమూ నిజమే, ఆ మంటా నిజమే.

బెలేం బురుజు దగ్గర చాలామంది ముందువైపు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఒక పక్కగా తిరిగి, మూలనున్న చిన్న కావలి గోపురం అడుగున వెతికితే అరిగిపోయిన ఖడ్గమృగం తల ఒకటి కనిపిస్తుంది. దాని కథ గుజరాత్‌లో మొదలవుతుంది. సుల్తాన్ రెండో ముజఫర్ షా ఆ జంతువును పోర్చుగీసు గవర్నర్ అల్బుకెర్క్‌కు కానుకగా ఇస్తే, ఆయన దాన్ని తన రాజు మాన్యుయేల్‌కు పంపాడు. 1515 జనవరిలో ఓడెక్కిన ఖడ్గమృగం మే 20న లిస్బన్‌లో దిగింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ గడ్డ మీద అలాంటి జంతువును ఎవరూ చూడలేదు. ఏనుగుకూ దీనికీ పుట్టుకతో వైరమని పాత గ్రంథాల్లో రాసి ఉండటంతో రాజు రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టించాడు. ఏనుగు పారిపోయింది. ఆ తర్వాత ఖడ్గమృగాన్ని పోప్‌కు బహుమతిగా పంపితే, ఇటలీ తీరంలో ఓడ మునిగి, గొలుసులతో కట్టేసి ఉన్న ఆ మూగజీవి చనిపోయింది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని కళ్లతో చూడకుండానే, వర్ణనా ఒక రేఖాచిత్రమూ ఆధారంగా చెక్క మీద చెక్కిన బొమ్మ తరాల పాటు యూరప్‌లో ఖడ్గమృగానికి నమూనా అయింది.

వంతెన దాటాక ఓడ నడిబొడ్డుకు చేరుతుంది. నది ఒడ్డునే విశాలమైన చతురస్రం, మూడు వైపులా పసుపురంగు భవనాలు, నాలుగో వైపు నీళ్లు. పేరు ప్రాసా దు కొమేర్సియు, అంటే వాణిజ్య కూడలి. పాతకాలపు రాజభవనం ఇక్కడే ఉండేది. 1755 నవంబర్ 1, సకల పునీతుల పండుగ ఉదయం. జనం చర్చిల్లో ఉండగా భూమి కంపించింది. కూలుతున్న గోడల నుంచి తప్పించుకుని చాలామంది నది ఒడ్డునున్న ఖాళీ స్థలానికి పరుగెత్తారు. అంతలో నీళ్లు వెనక్కి పోయి, ఆపైన సునామీగా విరుచుకుపడ్డాయి. మిగిలినదాన్ని రోజుల తరబడి మంటలు కాల్చేశాయి. 70 వేల పుస్తకాలున్న రాజ గ్రంథాలయం, భారతదేశపు వర్తకాన్ని నడిపిన కార్యాలయం, అందులోని కాగితాలు అన్నీ పోయాయి. రాజు జోసెఫ్‌కు ఆ తర్వాత రాతికట్టడమంటేనే భయం పట్టుకుంది. మిగిలిన జీవితం కొండ మీద చెక్కతో కట్టించుకున్న నివాసంలోనే గడిపాడు.

ఊరిని మళ్లీ నిలబెట్టిన మంత్రిని చరిత్ర పొంబాల్ ప్రభువుగా గుర్తుపెట్టుకుంది. ఆయన ఇంజినీర్లు ఇళ్ల గోడల్లో ఏటవాలు దూలాలతో చెక్క పంజరాలు బిగించారు. భూమి ఊగితే చెక్క కూడా దాంతోపాటు ఊగి, ఇల్లు కూలకుండా నిలబడాలన్నది ఆలోచన. నమూనా కట్టి, చుట్టూ సైనికులను కవాతు చేయించి, ఆ అదురుకు అది తట్టుకుంటుందో లేదో పరీక్షించారు. ఇప్పుడు ప్రయాణికులు షాపింగ్ చేసే తిన్నటి వీధులన్నీ అప్పుడు గీసినవే.

లిస్బన్‌లో కాలిపోయిన కాగితాల విలువ తెలుగువాళ్లకు ఇంకాస్త బాగా తెలియాలి. కృష్ణదేవరాయల విజయనగరాన్ని చూసి రాసిన డొమింగో పేస్, ఆ తర్వాత వచ్చిన నూనిజ్ ఇద్దరూ పోర్చుగీసువాళ్లే. వాళ్ల రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండబట్టి మిగిలింది. డేవిడ్ లోపెస్ అనే పండితుడు దాన్ని 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. మూడేళ్లకు రాబర్ట్ సూయెల్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. మహర్నవమి వేడుకల గురించీ, రాయల వ్యాయామం గురించీ మన పుస్తకాల్లో చదివే వర్ణనల్లో చాలా భాగం ఈ దారినే వచ్చింది. అమెరికా ఖండాల నుంచి మిరపకాయను భారత పడమటి తీరానికి చేర్చిందీ పోర్చుగీసు ఓడలే. గుంటూరు యార్డులో ఎర్రగా పరుచుకునే పంటకు ఈ నదితో చుట్టరికం ఉంది.

నది ఒడ్డునున్న ఆ వాణిజ్య కూడలి 1974 ఏప్రిల్ 25న మరో ఘట్టం చూసింది. దశాబ్దాల నియంతృత్వం మీద తిరగబడ్డ యువ సైనికాధికారుల కవచవాహనాలు చతురస్రంలో నిలిచాయి. వాటి మీద కాల్పులు జరపమని నదిలో ఉన్న యుద్ధనౌకకు ఆజ్ఞ వచ్చింది. నౌక కాల్చలేదు. సాయంత్రానికి ప్రభుత్వం పడిపోయింది. సైనికుల తుపాకీ గొట్టాల్లో జనం కార్నేషన్ పూలు గుచ్చారు. 1966లో నియంత సలజార్ పేరుతో తెరిచిన వంతెనకు ఆ తేదీయే పేరైంది. 1961లోనే భారత్‌లో కలిసిన గోవాను పోర్చుగల్ అధికారికంగా ఒప్పుకున్నదీ 1974 చివర్లోనే.

ఓడలు ఆగేది సాంటా అపొలోనియా రైల్వే స్టేషన్ ముందు. వాస్తుశిల్పి కరీల్యు ద గ్రాసా రూపొందించిన టెర్మినల్ 2017లో మొదలైంది. పోర్చుగల్ విరివిగా పండించే బెండును కాంక్రీటులో కలిపి గోడల బరువు తగ్గించారు. రోడ్డు దాటితే ఆల్ఫామా. భూకంపాన్ని చాలావరకు తట్టుకున్న పాత పేట ఇది. మెట్ల సందులు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, పలకలు అతికించిన గోడలు. ఒక్క పూట మాత్రమే ఉన్నవాళ్లు బస్సుల్లో ఊరంతా తిరగడం కంటే ఇక్కడ నడవడమే మేలు. మోకాళ్లకు కష్టమైతే 28వ నంబరు ట్రామ్ ఉంది, అయితే రద్దీలో జేబు జాగ్రత్త. పొద్దున్నే ఎక్కితే సీటు దొరికే ఆశ ఉంటుంది.

శాకాహారులు ఒకటి గమనించాలి. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో పంది మాంసపు ముక్కలు వేయడం మామూలే, కాబట్టి ముందుగా అడగాలి. గుడ్డు తినేవాళ్లు మాత్రం 1837 నుంచి బెలేంలో వేడివేడిగా అమ్ముతున్న కస్టర్డ్ టార్ట్‌లను వదలొద్దు. మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. ఓడ మధ్యలో మొరాకోకో బ్రిటన్‌కో వెళ్లి తిరిగి వచ్చేదైతే, పలుమార్లు ప్రవేశించే వీసాయే తీసుకోవాలి.

పర్యాటకుల రద్దీ భారం ఆల్ఫామా మీద పడుతోంది. ఇళ్లు పర్యాటకుల బసలుగా మారిపోయి, తరాలుగా ఉన్న కుటుంబాలు అద్దెలు భరించలేక వెళ్లిపోయాయి. 2018లో నగరపాలక సంస్థ ఈ పేటలో కొత్త బసల అనుమతులు ఆపేసింది. 2024 నుంచి ఓడ ప్రయాణికులు కూడా రెండు యూరోల రుసుము కడుతున్నారు. అది చాలదు. ఉదయం దిగి సాయంత్రం ఓడెక్కే మనిషి ఆ ఊరికి ఇచ్చేది తక్కువ, తీసుకునేదీ తక్కువే. లిస్బన్‌లో మొదలయ్యే ప్రయాణాలు కూడా ఉన్నాయి. వాటిని ఎంచుకుని రెండు రోజులు ముందే వచ్చి, ఆల్ఫామాలో చిన్న భోజనశాలల్లో తిని, ఊరివాళ్ల దుకాణాల్లో కొనడం ఇద్దరికీ మంచిది.

అలా ఉండిపోయేవాళ్లకే ఫాదో దొరుకుతుంది. ఎడబాటును, విధిని పాడుకునే ఈ గానానికి 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాన్ని ప్రపంచానికి వినిపించిన అమాలియా రోడ్రిగెస్ సమాధి టెర్మినల్‌కు పైనున్న తెల్లగుమ్మటం కింద, జాతీయ స్మారక మందిరంలో ఉంది. ఆల్ఫామా ఫాదో ఇళ్లలో గాయని లేచి నిలబడేది రాత్రి భోజనాల వేళ, దీపాలు తగ్గించాక. పగటి సందర్శకులను ఎక్కించుకున్న చాలా ఓడలు అప్పటికి వంతెన దాటి సముద్రంలో ఉంటాయి.