చెదకు మందు, బూడిదలో విషం

పాత కరెంటు స్తంభం ముక్కల్లో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే పొయ్యిలో పెట్టరాదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్‌ అనే పాషాణం కలిపిన మందు పట్టించిన కర్ర కావచ్చు. రంగు వెలిసినా విషం పోదు.

డెహ్రాడూన్‌ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశన్‌ 1933లో కనిపెట్టిన ఈ మందు దేశదేశాలకూ పాకింది. చెద దరిచేరదు, కర్ర దశాబ్దాలు నిలుస్తుంది. మందు గట్టిదే. కానీ వానకు తడిసినప్పుడల్లా పాషాణం కొద్దికొద్దిగా మొదట్లోని మట్టిలోకి దిగుతుంది, చాలావరకు అక్కడే ఉండిపోతుంది. ఈ భయంతోనే అమెరికాలో ఇళ్ల వాడకానికి ఈ కర్ర తయారీని 2003 చివరితో మానుకున్నారు.

కాలిస్తే మరీ ప్రమాదం. కొంత పొగలో పోగా మిగిలిన విషమంతా బూడిదలో పేరుకుంటుంది. ఆ బూడిదతోనే గదా గిన్నెలు తోమేది, ఆనప పాదుకు చల్లేది! ఇలాంటి స్తంభం మొదట్లో ఆకుకూర మడి వేయరాదు. దాని రంపపు పొట్టు పశువుల కింద పరవరాదు.