అద్దెల ఆట: నారపల్లి పటము

వైకుంఠపాళిలో పాము నోట బడినవాడు క్రిందికి జారుటకు కారణము గవ్వలు. అద్దె యిల్లు విడిచి పోవు కుటుంబమునకు కారణము గవ్వలు కావు. ఒక పేటలో వసతులు పెరిగి, కలవారు వచ్చి చేరి, అద్దెలు హెచ్చి, పాత కాపురస్థులు తొలగిపోవుటకు 1964లో రూత్ గ్లాస్ అను సామాజిక శాస్త్రజ్ఞురాలు లండన్ నగరమును గూర్చి వ్రాయుచు ‘జెంట్రిఫికేషన్’ అని పేరిడెను. ఈ మార్పును విద్యార్థులు వీడియో ఆటగా నిర్మింపవచ్చును.

అమెరికాలోని నల్లజాతివారి పేటలయందు దీని వెనుక మరియొక చరిత్ర కలదు. 1930 దశకమున ప్రభుత్వ గృహఋణ సంస్థ వేయించిన పటములలో అట్టి పేటలు పెక్కు ఎర్రరంగుతో, అప్పిచ్చుటకు అపాయకరములుగా గుర్తింపబడినవి. అప్పు పుట్టనిచోట ఇండ్లు పాడగును, ధర పడిపోవును. ధర పడినచోటికే పిమ్మట కొనుగోలుదారులు వచ్చుదురు. అచ్చటి పేటపై ఆట కట్టువారు ఈ పటమును మరచినచో సగము కథ పోయినట్లే.

నారపల్లి చరిత్ర వేరు. ఉప్పల్‌కు తూర్పున వరంగల్ రహదారిపై ఉన్న ఈ ఊరి పటమున రాకపోకల వసతియే ముఖ్యాంశము. ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి వంతెన రహదారి పని ఏండ్ల తరబడి సాగినది. కాబట్టి ఆటలో ‘రహదారి’ అను మీట నొక్కగానే అద్దె పెరుగరాదు. ముందు దుమ్ము లేచి, టీ కొట్టు బేరము తగ్గవలెను. అద్దె హెచ్చుట ఆ తరువాతి మాట. నష్టపడిన కొట్టువాడే హెచ్చు అద్దెయు కట్టవలసి వచ్చును.

స్క్రాచ్ వంటి ఉచిత సాధనములో ప్రతి కుటుంబమునకు ఆదాయము, అద్దె అను రెండు చరరాశులు చాలును. ఆదాయము నెలకు 18,000 రూపాయలు, అద్దె 6,000 అనుకొనుడు. ఏటేట ఆదాయము నూటికి 4, అద్దె నూటికి 10 చొప్పున పెరుగుననియు, అద్దె ఆదాయములో సగము దాటినచో కుటుంబము కదలవలెననియు నియమము. ఎనిమిదవ యేట అది కదలును. అద్దె పెరుగుదలను నూటికి 5కు తగ్గించిన, అదే కుటుంబము 43వ యేటి వరకు నిలుచును! ఎవరును దుర్మార్గులు కానక్కరలేదు; ఒక్క అంకె మారినది. సొంత యిల్లుగల పొరుగువానికి మాత్రము ఈ పెరుగుదలయే లాభము. ఆటలో వానిని కూడ ఉంచవలెను.

ఇట్టి ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో ఎలిజబెత్ మాగీ 1904లో పేటెంటు పొందిన ‘భూస్వామి ఆట’కు పిమ్మట రెండు రకముల నిబంధనలు ఏర్పడినవి: ఒకదానిలో ఒక్కడే సర్వము కూడబెట్టును, రెండవదానిలో సంపద అందరికిని చేరును. 1935లో వెలువడిన మోనోపలీలో మొదటిదే మిగిలినది.

విద్యార్థులు సాధారణముగా ఖాళీచేసిన కుటుంబమును తెరపైనుండి తుడిచివేయుదురు. అట్లు చేయరాదు. ఆ కుటుంబము ఘటకేసరు వైపు మరికొంత దూరము జరుగవలెను; అద్దె తగ్గినను, బస్సు ఖర్చు అను మూడవ చరరాశి చేరును. పిల్లవాని బడి మాత్రము పాతచోటనే ఉండును.