కోషియెన్‌లో పాట ఎవరిది?

బేస్‌బాల్ రూల్స్ నాకు సగమే వచ్చు. అయినా జపాన్ జట్టు హాన్‌షిన్ టైగర్స్ మ్యాచ్ వీడియోలు తెగ చూస్తుంటాను, ముఖ్యంగా స్టాండ్స్‌లోంచి వచ్చే పాటల కోసం. మన ఐపీఎల్‌లో మ్యూజిక్ అంటే డీజేదే. ఫోర్ పడగానే ఒక బీట్ వేస్తాడు, మనం అరుస్తాం, అయిపోతుంది. అక్కడ ట్రంపెట్లు ఊదేది, డ్రమ్ములు కొట్టేది టికెట్ కొనుక్కుని వచ్చిన అభిమానులే.

జట్టు ఒక రైల్వే కంపెనీది. ఒసాకా, కోబె నగరాల మధ్య ఉన్న కోషియెన్ స్టేడియం కూడా 1924లో ఆ కంపెనీ కట్టిందే. 1935లో జట్టు పుట్టింది. మరుసటి ఏడాదే దానికో పాట వచ్చింది. అందరూ దాన్ని 'రొక్కో ఒరొషి' అంటారు, అంటే రొక్కో కొండ మీంచి దిగే గాలి. 1961లో 'ఒసాకా టైగర్స్' కాస్తా 'హాన్‌షిన్ టైగర్స్' అయినప్పుడు పాటలో ఆ పేరు మార్చి మిగతాదంతా అలాగే ఉంచేశారు. గెలిచిన ప్రతిసారీ ఇప్పటికీ అదే పాడతారు. దీనికి ట్యూన్ కట్టిన యూజీ కొసెకి, బద్ధ శత్రువులైన యోమియురి జెయింట్స్‌కి కూడా 1963లో పాట కట్టాడు! ఇద్దరు హీరోల ఫ్యాన్స్ కొట్టుకుంటుంటే సంగీత దర్శకుడు మాత్రం ఒక్కడే అన్నమాట.

మ్యాచ్‌లో పాడే పద్ధతి ఇంకా బాగుంటుంది. మన జట్టు బ్యాటింగ్‌కి వస్తే మనం పాడాలి, అవతలి జట్టు వస్తే వాళ్ల అభిమానులు పాడతారు. నెట్‌వర్క్స్‌లో చదివిన హాఫ్ డ్యూప్లెక్స్ గుర్తుందా, అచ్చం అదే. రెగ్యులర్ బ్యాటర్లకి ఎవరి పాట వాళ్లకుంటుంది, అది అభిమాన సంఘాలు తయారుచేసిందే. కొత్తగా వచ్చినవాడికి మాత్రం అందరికీ వాడే ఒక కామన్ ట్యూన్, అందులో అతని పేరు పెట్టి పాడతారు. ఫంక్షన్ ఒకటే, ఆర్గ్యుమెంట్ మారుతుంది. బాగా ఆడి జనం మనసులో చోటు సంపాదిస్తే అప్పుడు సొంత పాట. నా దృష్టిలో కాంట్రాక్ట్ కన్నా అదే పెద్ద ప్రమోషన్.

యూనిఫాం తెల్లది, నల్లటి నిలువు గీతలు. స్టాండ్స్‌లో మాత్రం పసుపు రంగే ఎక్కువ కనిపిస్తుంది. ఏడో ఇన్నింగ్స్‌లో వేల పొడుగాటి బెలూన్లు ఒకేసారి ఈల వేసుకుంటూ పైకి లేచేవి. నోటితో ఊదేవి కదా, 2020లో కరోనా వచ్చి ఆపించేసింది.

పిచ్చి కూడా ఉంది. 1985లో లీగ్ గెలిచినప్పుడు ఆటగాళ్ల పోలికలున్నవాళ్లు ఒక్కొక్కరే ఒసాకాలోని దోతొన్‌బొరి కాలువలో దూకారట. అమెరికన్ స్టార్ ర్యాండీ బాస్ పోలికతో ఎవరూ దొరక్క కేఎఫ్‌సీ తాత బొమ్మని తెచ్చి విసిరేశారు. ఆ ఏడాది జపాన్ సిరీస్ కూడా గెలిచారు, తర్వాత మళ్లీ 2023 దాకా గెలవలేదు. బొమ్మ శాపం అన్నారు. నేను నమ్మను గానీ, 38 ఏళ్లు ఆ కుర్చీలు ఖాళీ కాకపోవడం మాత్రం నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

ఆ 2023లోనే ఇంకో సంగతి జరిగింది. షింతారో యొకోటా అనే ఆటగాడు బ్రెయిన్ ట్యూమర్ వల్ల చూపు దెబ్బతిని 2019లో ఆట మానేశాడు. 2023 జూలైలో చనిపోయాడు, 28 ఏళ్లకే. సెప్టెంబర్ 14న కోషియెన్‌లో జెయింట్స్‌తో మ్యాచ్, గెలిస్తే 18 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. చివరి ఇన్నింగ్స్ వేయడానికి ఇవజాకి వచ్చాడు. ఇతను, యొకోటా ఒకే డ్రాఫ్ట్‌లో జట్టులోకి వచ్చినవాళ్లు. ఆ రాత్రి ఇవజాకి తన పాట పెట్టించుకోలేదు, యొకోటా బ్యాటింగ్‌కి వచ్చేటప్పుడు వేసే పాట పెట్టించాడు. అది స్పీకర్లలోంచే వచ్చింది, కానీ కాసేపటికి స్పీకర్లు వినిపించలేదు. స్టేడియం మొత్తం పాడేస్తోంది.

గెలిచాక ఆనవాయితీ ప్రకారం ఇవజాకిని గాల్లోకి ఎగరేశారు. చేతిలో యొకోటా యూనిఫాం ఉంది, నంబర్ 24.